‘ఇది నిమ్మకాయ కాదు గదా’

ఈ నాలుగు మాటలు నాతో ఎంతమంది అన్నారో లెక్కపెట్టలేదు గానీ అన్నవాళ్ళ ముఖాలన్నీ గుర్తున్నాయి. ప్రేమగా అన్నవాళ్ళున్నారు, విసుగ్గా అన్నవాళ్ళున్నారు, పక్కవాళ్ళ వైపు చూసి నవ్వుతూ అన్నవాళ్ళూ ఉన్నారు. అందరి చేతుల్లోనూ నన్ను ఆసుపత్రికి పంపగలిగింది ఏదో ఒకటి ఉండేది. భగవంతుడు నాకు ఓపిక బాగానే ఇచ్చాడు. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆ మాట చెప్పుకుని దణ్ణం పెట్టుకుంటాను కూడా. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం ఆ ఓపిక చాలడం లేదు.

నలభై దాటాక మొదలైంది నాకు. ఒకరోజు నిమ్మకాయ పులిహోర తిన్నాక పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుంటే పచ్చిమిరపకాయ అనుకున్నాను. మరోసారి ఊరగాయకని నిమ్మకాయలు కోసిన చేతికి ఎర్రటి దద్దుర్లు లేస్తే కత్తి తుప్పు అనుకున్నాను. మూడోసారి పై పెదవి వాచి ముక్కుకు తగిలింది. అప్పుడు ఇక ఏమీ అనుకోవడానికి మిగల్లేదు. తమిళనాడులో మా ఊరు రాజపాళయంలోనే చర్మం డాక్టరమ్మ ఒకావిడ ఉంటే మా ఇంటాయన తీసుకెళ్ళాడు. ఆవిడ నెమ్మదిగా అన్నీ అడిగి, చేతిమీద చిన్న చిన్న చుక్కలు వేసి, సూదితో గుచ్చి చూసి, ఒక చీటీ రాసిచ్చింది. చీటీ ఇంగ్లీషులో ఉంది.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నెలలో సగం రోజులు మంచం మీదే ఉండేదాన్ని. మా నాన్నే ఇంట్లో పలక పెట్టి తెలుగూ తమిళమూ నేర్పాడు. ఆయనకు తెలిసినదంతా నాకిచ్చాడు, అందుకు ఆయన పేరు తలచుకోని రోజు లేదు. ఇంగ్లీషు ఆయనకూ రాదు. అందుకని ఆ చీటీ మా ఇంటాయన చేతికీ, ఆయన చేతినుంచి మందుల షాపతని చేతికీ పోయింది. అందులో ఒక మాట కింద డాక్టరమ్మ రెండు గీతలు గీసింది. షాపతను దాన్ని ‘సిట్రస్’ అని చదివి, మందులు సంచిలో వేస్తూనే అర్థం చెప్పేశాడు.

“ఎలుమిచ్చె, అణ్ణాచ్చి. ఎలుమిచ్చె వేండాం.”

నిమ్మకాయ వద్దట, అంతే. ఒక వంశం పేరు మందుల షాపు బల్ల దాటేసరికి ఒక కాయ పేరైపోయింది. ఆ తరువాత రెండేళ్ళు నేను పడినదంతా ఆ బల్ల దగ్గర మొదలైందే.

నిమ్మకాయ మానడం మాటలు కాదు. మా ఊళ్ళో కొత్త బండి కదలాలంటే చక్రం కింద నిమ్మకాయ, అంగడి తెరవాలంటే గుమ్మానికి నిమ్మకాయ, పెద్దవాళ్ళను చూడబోతే చేతిలో నిమ్మకాయ. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, అమ్మవారి మెడనిండా నిమ్మకాయల దండ. పూజారి దండలోంచి ఒకటి తీసి ఇస్తే కొంగు పట్టి తీసుకునేదాన్ని. చేత్తో ముట్టను, ఇంటికి రాగానే చీర మార్చుకుంటాను. దానికే ఒకావిడ గుళ్ళో అందరూ వినేలా అంది, అమ్మవారి కాయను అంటుగా చూసేవాళ్ళకు ఒంట్లో ఇంకేదో ఉన్నట్టు లెక్క అని. ఇంకేదో అంటే ఏమిటో మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. దయ్యం పట్టినవాళ్ళే నిమ్మకాయ చూసి వెనక్కి జరుగుతారు. నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఈ ఒంటిని చేసిన తల్లికి ఈ ఒంటి సంగతి తెలియదా? మధ్యలో ఆ మాటన్నావిడకెందుకు అంత బాధ?

అయినా మానేశాను. మానేసినా వాపు వచ్చింది. నీరసంగా ఉందంటే మా ఇంటాయన సాత్తుకుడి రసం తాగించాడు, అదే, ఆంధ్రావాళ్ళు బత్తాయి అనేది. చెవులు కాలిపోయి మెడ నిండా దద్దుర్లు. దగ్గు మందు తాగితే నాలుక మొద్దుబారింది. సీసా మీద కమలాపండు బొమ్మ ఉందని తరువాతెప్పుడో చూశాను. ఇలా వచ్చిన ప్రతిసారీ ఇంట్లో అది నాకు సాక్ష్యం కాలేదు, నామీద సాక్ష్యమైంది.

“నిమ్మకాయ ఆపి ఎన్ని నాళ్ళయింది? అయినా వస్తా ఉంది గదా. అప్పుడు నిమ్మకాయ కాదు. అంతా నీ బెదురు దా,” అని నా బెదురే అంతటికీ కారణమని తేల్చేశాడు మా ఇంటాయన.

మంచి మనిషే. కానీ ఆయన పనిచేసేది సత్రపట్టిలో, ఆసుపత్రి కట్టుగుడ్డ నేసే షెడ్డులో. దూది దుమ్ము పడక ఉక్కిరిబిక్కిరయ్యే మనుషుల్ని రోజూ చూస్తాడు. పక్కన పదిమంది అదే దుమ్ములో హాయిగా ఉంటే ఒకడు మాత్రం దగ్గలేక కూలబడటం ఆయనకు వింత కాదు. “వానికి పంజు చేరదు,” అని, అంటే దూది పడదని, వాణ్ణి వేరే పనిలో పెట్టించింది కూడా ఆయనే. కూలివాడి ఊపిరికి ఒక న్యాయం, పెళ్ళాం పెదవికి ఇంకో న్యాయం. ఆ మాట అప్పుడు అనలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను.

పోయిన ఏడు వానల రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. మూడో రోజు జ్వరం దిగింది గానీ నోరంతా చేదు, ఏం తిన్నా కడుపులో తిప్పేది. మా అత్తకు ఎనభై దగ్గర పడుతున్నాయి. అయినా ఆ మూడు రోజులూ నా మంచం పక్కనే ఉంది, తడిగుడ్డ వేసింది, కాళ్ళు పట్టింది. ఆ రుణం నేను మరవను, ఇప్పుడు చెప్పబోయేదాని వల్ల అది తగ్గదు. ఆవిడ గంజి కాచి, గిన్నె పక్కన ఉప్పులో ఊరి నల్లగా ఎండిన ముక్క ఒకటి పెట్టింది. ఆ వాసనకు నాకు అనుమానం వచ్చింది.

“పులుపు గదా అత్తా, వద్దులే.”

“నోరు చేదుగా ఉండేదానికి ఇదిదా మందు. కొంచెం నాకు. పిత్తం దిగిపోతాది.”

“నాకు నిమ్మకాయ చేరదు గదా.”

“ఇది నిమ్మకాయ కాదు గదా. నారత్తంగా. నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు మూడు నెలలు నేను దీన్ని నాకే బతికినాను.”

నిజమే, అది నిమ్మకాయ కాదు. నిమ్మకాయకు నాలుగింతలుండే ఎగుడుదిగుడు కాయ, ఊరబెట్టి ఎండబెడితే ఏళ్ళకొద్దీ ఉంటుంది. పేరు వేరు, చెట్టు వేరు, రుచి వేరు. చీటీలో రాసింది నిమ్మకాయ. నేను ముక్క నోట్లో వేసుకున్నాను.

రెండు గుక్కల గంజి తాగానో లేదో నాలుక నాది కాకుండా పోయింది. నోట్లో ఎవరిదో నాలుక పెట్టినట్టుంది. “అత్తా” అందామంటే గొంతులోంచి బొంగురు శబ్దం వచ్చింది. గొంతులో దూది ఉండ కూరినట్టు, మింగితే కిందికి పోదు, గాలి పీలిస్తే ఈల. మా అత్త వీధిలోకి పరిగెత్తి షేర్ ఆటో ఆపింది. ఆ ఆటో అతను ఎక్కి కూర్చున్న ఇద్దర్నీ దించేసి, మధ్యలో ఎక్కడా ఆపకుండా ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకెళ్ళాడు. అతను ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. చక్కగా ఉండాలి అతని పిల్లలు. తొడకు సూది వేసిన నర్సు, చిన్న పిల్ల, నా చేయి వదలకుండా పట్టుకుని “శ్వాస తీయండి అక్కా, ఇంకొకటి, ఇంకొకటి” అని లెక్కపెట్టింది. ఆ చేయి చల్లగా ఉండాలి. కాసేపటికి గొంతు విడింది. ఊపిరి ఆడటమంటే ఏమిటో ఆ పూట తెలిసింది. దానికి ముందు అన్నేళ్ళు ఊరికే పీల్చానంతే.

రెండు రోజుల తరువాత చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తమిళంలో అడిగింది, సిట్రస్ వద్దని రాశాను కదా, మరి ఏం తిన్నారని. నారత్తంగా అన్నాను. ఆవిడ నవ్వింది.

“అదీ సిట్రసే కదమ్మా.”

చెడ్డ నవ్వు కాదు. కానీ రెండు రోజుల కింద ఊపిరాడక కొట్టుకున్న మనిషికి ఏ నవ్వూ మంచిది కాదు. నాకు కోపం వచ్చింది. పెద్ద చదువులు చదివిన వాళ్ళ ముందు మాట్లాడాలంటే నాకు మామూలుగా గొంతు పెగలదు, ఆ రోజు పెగిలింది.

“నవ్వకండి డాక్టరమ్మా. మీరు రాసిన మాట నేను చదవలేను. చదివినవాడు నిమ్మకాయ అన్నాడు. రెండేళ్ళు ఇంట్లో నిమ్మకాయ రానివ్వకుండా, మిగతావన్నీ తిన్నాను. నాకు రెండు భాషలు చదవడం వచ్చు. ఆ రెండింట్లో ఏ ఒక్కదాంట్లో మీరు రాసి ఉన్నా నేనీ పాటు పడేదాన్ని కాదు.”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. తప్పు తనదేనంది. బయట మనుషులు నిలబడి ఉన్నా కుర్చీ దగ్గరికి లాక్కుని, తెల్ల కాగితం మీద తమిళంలో గుండ్రటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. నిమ్మ, నారత్త, సాత్తుకుడి, కమలా, పంపరపనస, ఇంకా నేను పేరు వినని రెండు. తొక్కలో నూనె కూడా పనికిరాదంది. కమలా రుచి వేసిన మందులూ, నీళ్ళలో కలుపుకునే పొడులూ చదివి చూసుకోమంది. నిమ్మకాయ కోసిన కత్తితో నా కూరగాయలు కోయకూడదు. పులుపంతా శత్రువు కాదు, చింతపండూ ఉసిరికాయా జామకాయా ఎప్పటిలాగే తినొచ్చు. మాత్రలు ఎప్పుడూ సంచిలో ఉండాలి. గొంతు మారినా ఊపిరి బిగిసినా మాత్ర వేసుకుని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. “వస్తుందో రాదో చూద్దామని మాత్రం ఎప్పుడూ తినకండి. వచ్చేసారి ఇంత టైం ఇవ్వకపోవచ్చు,” అంది. ఆ చివరి మాట చెప్పేటప్పుడు నా కళ్ళలోకే చూసింది.

కాగితం తెచ్చి వంటింట్లో అంటించాను. మా ఇంటాయన చదివి తలూపాడు. మా అత్తకు చదివి వినిపించాను.

“డాక్టర్లు అట్లదా. ఒకటి అడిగితే ఏడు రాస్తారు,” అని ఆవిడ బియ్యం ఏరుకోవడంలో పడింది.

ఆవిడ తప్పు కూడా కాదు. మా ఇంటి మాటలో ఈ కాయలన్నిటికీ కలిపి ఒక పేరు లేదు. నిమ్మకాయ పూజకూ దిష్టికీ, నారత్తంగా పిత్తానికి, సాత్తుకుడి జబ్బుపడ్డవాళ్ళకు, కమలా పిల్లలకు. ఒక్కోదాని పని ఒకటి, ఒక్కోటి ఉండే చోటు ఒకటి. ఇవన్నీ ఒకటే అంటే వినేవాళ్ళకు నేను కావాలని పెంచుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. మా నాన్న వదిలిపోయిన పాత తెలుగు పుస్తకం ఒకదానిలో ‘నిమ్మజాతి పండ్లు’ అన్న మాట దొరికింది. సంతోషంగా చదివి చెబితే మా ఇంటాయన నవ్వాడు. “పండ్లకు గూడా జాతి పెట్టినారా? సరి, సరి.”

ఆ వారమే మా వదిన వచ్చింది. మా ఇంటాయన అక్క, సేత్తూరులో ఉంటుంది. కూతురికి ఏడో నెల, వళకాప్పు చేస్తున్నారు, అంటే కడుపుతో ఉన్న పిల్లకు గాజులు తొడిగే వేడుక. మేనమామ పెళ్ళాన్ని కాబట్టి ముందు గాజులు నేనే తొడగాలి. కుంకుమ పెట్టి పిలిచింది. పిలుస్తూనే గోడ మీద కాగితం చూసింది.

“ఏంది ఇది, రేషన్ కార్డా?”

చెప్పాను. ఆసుపత్రి సంగతీ చెప్పాను.

“నిమ్మకాయ అయింది, ఇప్పుడు నారత్తంగా గూడానా. రేపు నీళ్ళు గూడా చేరదంటావు. ఏమ్మా, నేనొకటి చెప్తాను, కోపం పడకూడదు. పోయిన తూరి నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు కీర కూటు తిన్నావు గదా? అందులో అరచెక్క నిమ్మకాయ పిండినాను.”

“ఎందుకు?”

“చూస్తాం అని దా. ఏమైంది? తిన్నావు, చెయ్యి కడుక్కున్నావు, బస్సెక్కినావు. ఏమీ కాలేదు.”

ఏమీ కాలేదా. ఆ సాయంత్రం బస్సులో నా పెదవులు మండి, మెడ గోక్కుని గోక్కుని రక్తం వచ్చింది. కూటులోని కీర, అంటే ఆకుకూర, సరిగా కడగలేదేమో అనుకున్నాను. వదిన ఇంటి కూర మీద ఎవరితోనూ ఆ మాట కూడా అనకుండా మింగేశాను, అంత పద్ధతిగా. ఆవిడ మాత్రం అదే కూరలో నన్ను పరీక్ష పెట్టింది, పరీక్ష పెట్టి నవ్వుతోంది. ఆ రోజు గొంతుకు వచ్చి ఉంటే సేత్తూరు దాటిన బస్సులో నాకు సూది ఎవరు వేసేవాళ్ళు?

భగవంతుడి పేరు మనసులో రెండుసార్లు అనుకున్నాను, కోపం తగ్గలేదు. ఏం మాట్లాడాలో తెలియక నోటికొచ్చింది అడిగాను.

“వదినా, మీ పాపకు మొదట ఒక సంబంధం వచ్చింది గదా, మదురైలో పిల్లవాడు. మంచి ఉద్యోగం. ఎందుకు వద్దన్నావు?”

“ఇప్పుడు అదెందుకు? గోత్రం ఒకటే అయిపోయింది.”

“ఇంటిపేరు వేరే గదా?”

“ఇంటిపేరు వేరే ఐతే? గోత్రం ఒకటైతే రక్తం ఒకటి. అన్నాచెల్లెలు అయిపోతారు. అది గూడా తెలియదా నీకు?”

“ఊరు గూడా వేరే. మీరు వాళ్ళను ముందర చూసింది గూడా లేదు.”

“చూడకపోతే? ఎక్కడుంటే ఏంది, లోపల ఒకటే గదా.”

“ఇవీ అట్లదా వదినా. నిమ్మ, నారత్త, సాత్తుకుడి, కమలా. ఇంటిపేర్లు వేరే, గోత్రం ఒకటే. నాకు ఆ గోత్రమే చేరదు.”

పక్కనే కూర్చుని అంతా వింటున్న మా అత్త మాట్లాడింది. చేటలో బియ్యం కదపడం ఆపి, గోడమీది కాగితం వైపు చూసింది.

“నారత్తంగా గూడా ఆ గోత్రమేనా?”

“అవునత్తా.”

“చింతపండు?”

“అది వేరే గోత్రం.”

“కరివేపాకు?”

“డాక్టరమ్మను అడిగినాను. దూరపు చుట్టమంట. రోజూ తింటానే ఉన్నాను, ఏమీ చేయలేదు. తినొచ్చు అనింది.”

“అట్లంటే నేను ఇచ్చింది...” అని ఆగిపోయింది ఆవిడ. చేట పక్కన పెట్టి, లేచి, జాడీలో నారత్తంగా ముక్కలన్నీ ఒక సంచిలో పోసి కూతురి చేతిలో పెట్టింది. “నువ్వు తీసుకొని పో. ఈ ఇంట్లో వద్దు.” ఎన్ని ఎండల్లో ఎండబెట్టుకున్న ముక్కలో అవి. ఆవిడకు వాటిమీద ఉన్న ప్రేమ నాకు తెలుసు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అయినా దాంతోపాటే ఇంకో కోపం వచ్చింది, అది ఇప్పటికీ పోలేదు. నా పెదవి వాచినప్పుడు వాళ్ళు చూశారు. నా గొంతు మూసుకుపోతే మా అత్త కళ్ళతో చూసింది. డాక్టరమ్మ అక్షరాలు గోడమీద ఉన్నాయి. అవేవీ చాలలేదు. నా ఊపిరి కంటే పెళ్ళి సంబంధాల లెక్క వాళ్ళకు దగ్గరైంది. ఎవరికో ఒంటికి పడదంటే నమ్మడానికి అంత తెలివైన పోలిక కావాలా? పోలిక చెప్పడం చేతకాని వాళ్ళు, నాలా మాట తోచని వాళ్ళు, ఏం కావాలి?

వళకాప్పు రోజు సేత్తూరు వెళ్ళాం. మా అత్త నేరుగా వంట చేసేచోటికి పోయి, వంట మాస్టరును నిలబెట్టి, ఏ గిన్నెలో ఏముందో, ఏ గరిటె ఎందులోదో అడిగింది. నాకు తీసే అన్నం నిమ్మకాయ పులిహోర కలపకముందే తీయించి, మూతపెట్టి, మూతమీద చేయి పెట్టుకుని కూర్చుంది. ఆయన విసుక్కుంటుంటే, “నా కోడలి ప్రాణం సామీ ఇది, నీ కోపం తరువాత పడు,” అంది తమిళంలో. ఆ మాట విన్నాక, ఈవిడ కూతురే కదా అని నేను మా వదినను సగం క్షమించాను. పూర్తిగా కాదు.

పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. నేను గాజులు చేతిలోకి తీసుకున్నాను. వచ్చిన ఆడవాళ్ళకు వదిన తాంబూలం సంచులు పంచుతోంది. నా సంచి తెరిచి, అందులోంచి సాత్తుకుడి తీసేసి, జామకాయ వేసి ఇచ్చింది. మాట్లాడలేదు గానీ చేసింది. సంతోషమే. తరువాత అదే చేత్తో గంధం ముంచి నా బుగ్గకు పూయబోయింది. నేను మణికట్టు పట్టుకున్నాను.

“చేయి కడుక్కొని రా వదినా.”

వదిన చుట్టూ చూసింది. “ఇంతమంది ముందర అట్ల చెప్తావా,” అంది మెల్లగా.

“ఇంతమంది ముందర దా చెప్పాల.”

ముఖం ముడుచుకుని కొళాయి దగ్గరికి పోయింది. వచ్చి రెండు చేతులూ నా ముందు చాపింది. గుప్పున వాసన కొట్టింది.

“ఏం సోపుతో కడిగినావు?”

“గిన్నెలు కడిగేది. అక్కడ అదిదా ఉంది.” చేతులు తన ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. పసుపుపచ్చ సోపు, పైన కోసిన కాయ బొమ్మ. ఒక్క క్షణం నా వైపు చూసి, “ఇది గూడానా?” అంది. ఆ అడగడంలో వెక్కిరింత లేదు. మొదటిసారి నిజంగా అడిగింది.

“ఇది గూడా. నా సంచిలో వేరే సోపుంది, తీసుకో.”

తీసుకుని మళ్ళీ పోయింది. పీట మీద పిల్ల చేయి చాపి కూర్చుని ఉంది, ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు, ఎవరో మంచి గడియ దాటిపోతుందన్నారు. గాజులు నా చేతిలోనే ఉన్నాయి. ఆగనివ్వండి అనుకున్నాను. కొళాయి నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది, వదిన బాగానే రుద్దుకుంటోంది.